దాత ఎవరైనా సరే, లెక్క ఊరికి చెప్పాలి



2025 మొదటి నుంచీ టీవీ పెట్టినా, ఫోను తెరిచినా ఒకటే రొద. అమెరికాలో ట్రంప్ 2025 జనవరి 20న గద్దెనెక్కిన రోజే విదేశాలకిచ్చే సాయాన్ని 90 రోజులు ఆపుతూ సంతకం పెట్టాడు. ఫిబ్రవరిలో ఇండియాలో ఓటింగు పెంచడానికి 2 కోట్ల 10 లక్షల డాలర్లు ఎందుకివ్వాలని గోల లేపారు. ఆ డబ్బు మన దేశానికి కాదు, బంగ్లాదేశ్‌కు ఉద్దేశించిందని తర్వాత పత్రికలు రాశాయి. అప్పటికే ఇక్కడ ఒక పార్టీ మీద ఇంకో పార్టీ బురద జల్లుకోవడం అయిపోయింది. జులై 1 నుంచి యూఎస్ ఎయిడ్ అనే సంస్థ విడిగా లేకుండా పోయింది.

మార్కాపురం టీ కొట్టు దగ్గరైనా, గిద్దలూరు బస్టాండులోనైనా దీని మీద రెండే మాటలు వినపడుతున్నాయి. ఒకరేమో "మంచి పని చేశాడు, ఆ డబ్బంతా మధ్యలోవాళ్ళు మింగేదేగా" అంటారు. ఇంకొకరు "వాళ్ళు ఇవ్వకపోతే మన చెరువులకూ బళ్ళకూ దిక్కెవరు" అంటారు. మా సంఘం ఈ రెండు మాటలనూ ఒప్పుకోదు. విదేశీ సాయం అంతా దండగ అన్నవాడు మన పల్లెల్లో పాతికేళ్ళుగా ఏం జరిగిందో చూడలేదు. విదేశీ సాయం అంతా పుణ్యం అన్నవాడు అసలు కాగితాలే చదవలేదు.

అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఆ డబ్బు ఎవరు అడిగితే వచ్చింది? ఏ షరతు మీద వచ్చింది? ఎవరి చేతిలో పడింది? అయిపోయాక ఊళ్ళో ఏం మిగిలింది? ఈ నాలుగూ అడిగితే ఏది సాయమో ఏది ఉరితాడో తెలిసిపోతుంది.

ముందు మాట తేల్చుకుందాం: సాయమా, అప్పా?

పెళ్ళిలో చదివింపులు వేరు, పెళ్ళికి వడ్డీకి తెచ్చిన డబ్బు వేరు. ఈ తేడా మన ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పత్రికలు మాత్రం రెంటినీ "విదేశీ సాయం" అనే ఒకే గంపలో వేస్తాయి. ప్రపంచ బ్యాంకు ఇచ్చేది అప్పు. జపాన్ సంస్థ జైకా ఇచ్చేది ఎక్కువ భాగం అప్పు. వడ్డీ తక్కువ కావచ్చు, గడువు ఎక్కువ కావచ్చు, అయినా అప్పు అప్పే. తిరిగి కట్టేది మనం. గ్రాంటు అంటే తిరిగి కట్టక్కర్లేనిది. ఇక మూడో రకం ఉంది: సలహా. డబ్బు కంటికి కనపడదు, సూట్లు వేసుకున్న సలహాదారులు వస్తారు, వాళ్ళ జీతం సాయం ఖాతాలో రాస్తారు.

1998లో ప్రపంచ బ్యాంకు మన ఉమ్మడి రాష్ట్రానికి 54 కోట్ల డాలర్ల పైచిలుకు అప్పు మంజూరు చేసింది. ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణ పథకం అని దాని పేరు. అప్పట్లో డాలరు 42 రూపాయల దగ్గర ఉంది. ఇప్పుడు 85 దాటింది. డాలరుకు తెచ్చిన అప్పు డాలరుకే కట్టాలి. పెరిగిన తేడా కేంద్రం భరించినా, రాష్ట్రం భరించినా ఆ ఖజానా నిండేది మనం కొనే డీజిలు మీద, బట్ట మీద, సబ్బు మీద కట్టే పన్నుతోనే.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. 2005 దాకా ఇలా బయటి నుంచి వచ్చిన సాయాన్ని కేంద్రం మనలాంటి రాష్ట్రాలకు 70 శాతం అప్పుగా, 30 శాతం గ్రాంటుగా మార్చి ఇచ్చేది. పన్నెండో ఆర్థిక సంఘం చెప్పాక ఆ పద్ధతి పోయి, బయటివాళ్ళు ఏ షరతు మీద ఇస్తే అదే షరతు మీద రాష్ట్రానికి ఇవ్వడం మొదలైంది. దాంతో డాలరు పెరిగితే ఆ బరువు కూడా రాష్ట్రం నెత్తినే పడింది. ఈ సంగతి ఏ గ్రామసభలో ఎవరు చెప్పారు? ఎక్కడా చెప్పలేదు.

కరెంటు కథ మరిచిపోవద్దు

1998లో అసెంబ్లీలో విద్యుత్ సంస్కరణల చట్టం చేశారు. 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డును ట్రాన్స్‌కో, జెన్‌కో అని రెండు ముక్కలు చేశారు. అదే నెలలో ప్రపంచ బ్యాంకు వంద కోట్ల డాలర్ల కార్యక్రమంలో మొదటి విడతగా 21 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. ఈ మూడూ వరసగా జరగడం యాదృచ్ఛికం కాదు. 2000లో చార్జీలు పెంచారు. ఆ ఏడాది ఆగస్టు 28న ప్రజలు చలో అసెంబ్లీ అని హైదరాబాదు వెళ్తే బషీర్‌బాగ్ దగ్గర కాల్పులు జరిపారు. రామకృష్ణ, విష్ణువర్ధన్ రెడ్డి, బాలస్వామి ప్రాణాలు పోయాయి.

ఆ దెబ్బ పశ్చిమ ప్రకాశానికి ఎందుకు ఎక్కువ తగిలిందో కుర్రవాళ్ళకు చెప్పాలి. కాలవ కింద రైతుకు నీళ్ళు పల్లానికి పారుతూ వస్తాయి. ఆయన కట్టేది నీటి తీరువా. మన రైతుకు కాలవ లేదు. కొమరోలు, రాచర్ల, బేస్తవారిపేట, అర్ధవీడు, తర్లుపాడు, కొనకనమిట్ల, ఏ మండలం చూసినా కంభం చెరువు లాంటి నాలుగు చోట్ల తప్ప మిగిలిందంతా బోరే. పాతాళంలో ఉన్న నీళ్ళు మోటారు ఎక్కి రావాలి. యూనిట్ రేటు అర్ధరూపాయి పెరిగినా మన మిరప మడికి, మన బత్తాయి తోటకు నేరుగా తగులుతుంది. వాషింగ్టన్‌లో లెక్కలు వేసినవాళ్ళకు డెల్టా రైతు, మెట్ట రైతు ఒకటే. వాళ్ళ లెక్కలో "సబ్సిడీ తినేవాడు" అనే ఒక గడి ఉంది, ఆ గడిలో మనం ఉన్నాం.

చివరికి దాన్ని తిప్పికొట్టింది జనమే. 2004 మే 14న కొత్త ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకాల్లో ఉచిత కరెంటు ఉందంటే అది ఎవరి దయా కాదు. నాలుగేళ్ళ ముందు పారిన రక్తం, ఓట్ల పెట్టెలో పడిన కోపం కలిసి పెట్టించిన సంతకం అది.

న్యాయం మాట్లాడితే, 1998 అప్పులో ప్రాథమిక బళ్ళకు, ఆరోగ్య కేంద్రాలకు, పల్లె రోడ్లకు, కాలవల మరమ్మతుకు కూడా డబ్బు ఉంది. దాన్ని మేము కాదనడం లేదు. కానీ బడి గది చూపించి బోరు మోటారు మీద చెయ్యి వేయడం ఏ రకం సాయం?

ఒకే దేశం, రెండు చేతులు

ఆ రోజుల్లోనే బ్రిటన్ ప్రభుత్వం కూడా మన రాష్ట్రానికి వచ్చింది. వాళ్ళ శాఖ పేరు డిఫిడ్. 1999లో గ్రామీణ జీవనోపాధుల పథకం పేరుతో 4 కోట్ల 55 లక్షల పౌండ్లు ఇచ్చింది. నాటి లెక్కన 300 కోట్ల రూపాయలకు పైనే. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండతో పాటు మన ప్రకాశం జిల్లా కూడా అందులో ఉంది. 500 వాటర్‌షెడ్లు చేయాలని లక్ష్యం. భూమి లేనివాళ్ళకు, ఆడవాళ్ళ సంఘాలకు కూడా ఇందులో వాటా పెట్టారు. అంతకుముందు వాటర్‌షెడ్ అంటే భూమి ఉన్నవాడికి గట్లు వేయడమే. ఆ మార్పు మంచిది. మంచిని మంచి అనాలి.

అదే బ్రిటన్ రెండో చెయ్యి ఏం చేసిందో కూడా చూడాలి. రాష్ట్రంలో ప్రభుత్వ రంగ సంస్థలను, సహకార మిల్లులను మూయడానికో అమ్మడానికో సలహా చెప్పేందుకు లండన్‌కు చెందిన ఆడమ్ స్మిత్ ఇంటర్నేషనల్ అనే కన్సల్టెన్సీకి డిఫిడ్ సాయం డబ్బు నుంచే చెల్లించారు. బ్రిటన్ పన్ను డబ్బు లండన్‌లో బయల్దేరి, మన సచివాలయంలో ఒక పూట ఆగి, మళ్ళీ లండన్ కంపెనీకే చేరింది. మధ్యలో మనకు మిగిలింది మూతపడ్డ మిల్లులు. లెక్కల పుస్తకంలో మాత్రం ఇదంతా "ఆంధ్రప్రదేశ్ పేదలకు సాయం".

1999 జనవరిలో విజన్ 2020 పుస్తకం వచ్చింది. మెకిన్సీ కంపెనీ సాయంతో తయారైంది. వ్యవసాయం మీద బతికే జనం 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గాలని ఆ దారి. తగ్గిన 30 శాతం మంది ఎక్కడికి పోవాలో మాత్రం సరిగ్గా రాయలేదు. మన పడమటి పల్లెల్లో అయితే ఆ జవాబు అందరికీ తెలుసు: హైదరాబాదు మేస్త్రి పనికి, బెంగళూరు కట్టడాలకు, గుంటూరు మిరప కోతలకు.

2001 జూన్‌లో మెదక్ జిల్లా జహీరాబాదు దగ్గర అల్గోల్ గ్రామంలో ప్రజాతీర్పు జరిగింది. సన్నకారు, చిన్నకారు రైతులే జ్యూరీగా కూర్చున్నారు. ఎక్కువ మంది ఆడవాళ్ళు. ప్రభుత్వం వాళ్ళను, కంపెనీ వాళ్ళను, శాస్త్రవేత్తలను పిలిచి ప్రశ్నలు అడిగారు. చివరికి విజన్ 2020 మాకొద్దన్నారు. మా భూమి, మా విత్తనం, మా ఊరి నిర్ణయం మా చేతిలో ఉండాలన్నారు. ఆ తీర్పు లండన్ దాకా పోయింది. అక్కడ సాయం ఇచ్చే శాఖకే ముచ్చెమటలు పట్టాయి. డబ్బు ఇచ్చేవాడిని పుచ్చుకునేవాడు ప్రశ్నించడం వాళ్ళకు కొత్త. పొలంలో కలుపు తీసే మనిషి అడిగిన నాలుగు ప్రశ్నలు పెద్దపెద్ద రిపోర్టుల కంటే గట్టిగా పనిచేశాయి.

మరి మంచి సాయం ఎలా ఉంటుంది?

మంచి సాయం ఎలా ఉంటుందో చూడడానికి దూరం పోనక్కర్లేదు, మన జిల్లాలోనే జరిగింది. నెదర్లాండ్స్ అనే చిన్న దేశం 1995లో మన రాష్ట్రంలో ఏపీవెల్ అనే పథకం పెట్టింది. ఏడు కరువు జిల్లాల్లో చిన్న రైతుల గుంపులకు కలిపి బోర్లు వేయించారు. ఒక్కొక్కరికి ఒక్కో బోరు కాదు, నలుగురికి కలిపి ఒకటి. నాలుగైదేళ్ళకు అర్థమైన సంగతి ఏమిటంటే, బోరు వేసినంత సులువు కాదు నీళ్ళు నిలబెట్టడం. పక్కవాడు ఇంకో వంద అడుగులు దింపితే ఈ బోరు ఎండుతుంది.

అందుకని తర్వాతి పథకంలో బోర్లకు పైసా ఇవ్వలేదు. రైతులే భూగర్భ జలాలను చూసుకునే పథకం అది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా నడిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఆరు వందలకు పైగా ఊళ్ళలో పనిచేసింది. సబ్సిడీ లేదు, పైపులు లేవు, మోటార్లు లేవు. ఇచ్చింది ఒక వాన కొలిచే పాత్ర, బోరులో నీటి మట్టం చూసే పరికరం, గోడ మీద ఒక బోర్డు, కొంత చదువు.

అది ఎలా పనిచేసిందో చెప్పాలి, ఎందుకంటే ఇవాళ కూడా పనికొస్తుంది. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 4 వేల లీటర్లు. పది మిల్లీమీటర్లు పడితే 40 వేల లీటర్లు. అందులో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది, కొంత వాగులో పోతుంది, కొద్ది పాలే భూమిలోకి ఇంకుతుంది. ఊళ్ళో రైతులే రోజూ వాన రాసుకున్నారు. పదిహేను రోజులకోసారి ఎంచుకున్న బోర్లలో మట్టం చూశారు. రబీ ముందు అందరూ కూర్చుని, ఇన్ని నీళ్ళు ఉన్నాయి, మనం అనుకున్న పంటలకు ఇన్ని కావాలి, ఇంత తక్కువ పడుతుంది అని లెక్క గోడ మీద రాశారు. ఎకరం వరికి పట్టే నీళ్ళతో మూడు నాలుగు ఎకరాల ఆరుతడి పంట పండుతుందని చూపించారు. ఫలానా పంట వేయొద్దని ఎవరూ శాసించలేదు. లెక్క చూసి రైతే మార్చుకున్నాడు. వరి తగ్గించి పప్పు, నూనెగింజలు వేసినవాళ్ళున్నారు. ఆడవాళ్ళు కూడా పరికరం పట్టుకుని మట్టం కొలిచారు. 2010లో ప్రపంచ బ్యాంకే భారత భూగర్భ జలాల మీద రాసిన నివేదికలో దీన్ని మెచ్చుకుంది.

మేము దీన్ని పొగడడానికి కారణం అది విదేశీయులది అని కాదు. డబ్బు తక్కువ, రైతు చేతిలో తెలివి ఎక్కువ పెట్టింది కాబట్టి. కాంట్రాక్టరుకు బిల్లు రాసుకోవడానికి అందులో చోటు లేదు కాబట్టి.

ఇక్కడ మన ఢిల్లీ పెద్దల ఘనకార్యం కూడా చెప్పుకోవాలి. 2003లో కేంద్రం ఒక గొప్ప ప్రకటన చేసింది. మనది పెద్ద దేశం, చిల్లర సాయం మనకొద్దు అంటూ బ్రిటన్, అమెరికా, జపాన్, జర్మనీ, రష్యా, యూరోపియన్ యూనియన్ తప్ప మిగతా దేశాలను సాయం చాలించమంది. వద్దన్న జాబితాలో నెదర్లాండ్స్ కూడా ఉంది. అందువల్లే ఆ పథకం ఐక్యరాజ్యసమితి సంస్థ మీదుగా రావాల్సి వచ్చింది. చూశారా మన ఆత్మగౌరవం? గ్రాంటు ఇచ్చి నీళ్ళ లెక్క నేర్పినవాడిని పొమ్మన్నారు. అప్పు ఇచ్చి మోటారు మీద మీటరు పెట్టమన్నవాడిని కూర్చోబెట్టారు.

ఆ పథకం కూడా శాశ్వతంగా నిలవలేదు. మూతపడ్డాక చాలా చోట్ల కొలతలు ఆగిపోయాయి. గోడ మీద అక్షరాలు వెలిసిపోయాయి. బోర్లు మళ్ళీ ఎనిమిది వందల అడుగులు, వెయ్యి అడుగులు అని పరుగు. విదేశీ డబ్బు ఒక పని మొదలుపెట్టగలదు, మన ప్రభుత్వం దాన్ని తన పనిగా ఎత్తుకోకపోతే అది తిరునాళ్ళ పందిరే. తిరునాళ్ళు అయిపోగానే గుంజలు పీకేస్తారు. 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా, మన దగ్గరే వచ్చింది. ఆ చట్టంలో లేనిది లేదు. ఊళ్ళో వాన కొలిచే మనిషికి మాత్రం నెలకు వంద రూపాయలు ఇచ్చే ఏర్పాటు లేదు.

ఇప్పుడు మనమే దాతలమట

ఇంకో మాట కూడా ఈ మధ్య వినపడుతోంది. ఇండియా ఇప్పుడు సాయం తీసుకునే దేశం కాదు, ఇచ్చే దేశం అని. నిజమే. 2025-26 కేంద్ర బడ్జెట్లో విదేశాలకు సాయం కింద 5,483 కోట్లు పెట్టారు. అందులో భూటాన్‌కు 2,150 కోట్లు, నేపాల్‌కు 700 కోట్లు, మాల్దీవులకు 600 కోట్లు. ఇది చూసి మనలో కొందరు "మాకు ట్యాంకరు నీళ్ళు, వాళ్ళకు కోట్లా" అని మండిపడుతున్నారు.

కోపం అర్థమవుతుంది. అయితే గురి తప్పకూడదు. కేంద్ర బడ్జెట్ మొత్తం 50 లక్షల కోట్ల పైన. అందులో ఈ సాయం వంద రూపాయలకు 11 పైసలు. ఆ 11 పైసలు ఆపితే మన ఊరికి నీళ్ళు వస్తాయని ఎవరైనా చెబితే నమ్మొద్దు. భూటాన్‌లో చుఖా, తాలా జలవిద్యుత్ కేంద్రాలను మన సాయంతో, మన అప్పుతో కట్టారు. ఆ కరెంటు మనకే వస్తోంది. ఇచ్చినవాడు ఊరికే ఇవ్వడు, పుచ్చుకున్నవాడు ఊరికే పుచ్చుకోడు. అమెరికావాడైనా, మన ఢిల్లీ అయినా అంతే.

మేము అడిగేది వేరు. ఆఫ్ఘనిస్తాన్‌లో హెరాత్ దగ్గర హరి రుద్ నది మీద సల్మా డ్యాంను మన దేశమే కట్టి ఇచ్చింది. మన కేంద్ర జలవనరుల శాఖ కింది వ్యాప్‌కోస్ సంస్థ కట్టింది. అక్కడ తుపాకుల మోత మధ్య పని. అది కూడా ఆలస్యమైంది, ఖర్చూ చాలా రెట్లు పెరిగింది. అయినా 2016 జూన్ 4న ప్రారంభమైంది. 75 వేల హెక్టార్లకు, అంటే లక్షా 85 వేల ఎకరాలకు నీళ్ళు, 42 మెగావాట్ల కరెంటు. హెరాత్ రైతు కూడా మనలాంటి రైతే. ఆయన పొలం తడిస్తే మాకు ఏడుపు లేదు.

మరి పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు? 1996లో శంకుస్థాపన. శ్రీశైలం వెనక జలాల్లో కొల్లంవాగు దగ్గర నుంచి నల్లమల కింద 18.8 కిలోమీటర్ల పొడుగున రెండు సొరంగాలు. 43.5 టీఎంసీల వరద నీరు. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4 లక్షల 47 వేల ఎకరాల ఆయకట్టు, 15 లక్షల మందికి తాగునీరు. 2014 రాష్ట్ర విభజన చట్టం పదకొండో షెడ్యూల్లో పేరు పెట్టి మరీ పూర్తి చేయాలన్న ప్రాజెక్టు. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేశామని రిబ్బను కత్తిరించారు. సుంకేశుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కట్టలు కట్టి, నల్లమల సాగర్‌లో నీళ్ళు నింపాలంటే ముంపు కిందికి వచ్చే 11 ఊళ్ళ జనానికి ముందు పరిహారం, పునరావాసం ఇవ్వాలి. ఆ పని మిగిలి ఉండగానే రిబ్బను తెగింది. సొరంగం అంకితమైంది, నీళ్ళు మాత్రం అంకితం కాలేదు.

దీనికి ఏ విదేశీ షరతూ అడ్డం లేదు. ఏ డాలరూ ఆగిపోలేదు. 1996లో పుట్టిన పిల్లవాడికి ఇప్పుడు పిల్లలున్నారు. వాడు ఇంకా ఫ్లోరైడు నీళ్ళే తాగుతున్నాడు. కనుక విదేశీ సాయం వృథానా కాదా అని గొంతు చించుకునే పెద్దలకు మా మాట: ముందు స్వదేశీ డబ్బు ఎంత వృథా అవుతోందో వెలిగొండ దగ్గరికి వచ్చి చూడండి.

కొన్ని వాదనలు, మా జవాబులు

"పరాయి సొమ్ముతో మనకేం పని, మన పెద్దలు ఎవరిని అడిగారు?" అంటారు కొందరు. కంభం చెరువును చూపిస్తారు. నిజమే, గుండ్లకమ్మ మీద రెండు కొండల మధ్య కట్ట వేసి అయిదు వందల ఏళ్ళ కిందట కట్టిన చెరువు అది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దాన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఏ బ్యాంకూ అప్పివ్వలేదు. అయితే గుర్తుంచుకోండి, కట్ట అన్నేళ్ళు నిలిచింది రాణి కట్టించింది కాబట్టే కాదు, ఊరు దాన్ని తన కట్టగా చూసుకుంది కాబట్టి. పరాయి సొమ్మా, సొంత సొమ్మా అన్నది రెండో సంగతి. మొదటి సంగతి కట్ట ఎవరిది అన్నది.

"అమెరికా ఇచ్చినదంతా విషమే" అంటారు ఇంకొందరు. పీఎల్-480 గోధుమల కాలంలో తిండి గింజలు చూపించి మన విదేశాంగ విధానాన్ని వంచాలని చూశారన్నది చరిత్ర. 1965, 66ల్లో ఓడ ఓడకూ ఢిల్లీని నిలబెట్టారు. అది మరువలేం. కానీ 1964లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ చేయి కలిపిందన్నది కూడా చరిత్రే. ఇవాళ మనం వేసే ఎల్‌ఆర్‌జి 41 కంది ఆ విశ్వవిద్యాలయం కింది లాం ఫారంలో పుట్టిందే. గింజను ఓడలో పంపినవాడు మనల్ని చెయ్యి చాచి నిలబెట్టాడు. చదువు పంచినచోట మన విత్తనం మనమే చేసుకున్నాం. తేడా ఇచ్చిన దేశంలో లేదు, ఇచ్చిన వస్తువులో ఉంది.

"స్వచ్ఛంద సంస్థలన్నీ తినేస్తాయి" అన్నది మూడో మాట. తినేవి ఉన్నాయి. జీపులకు, హోటల్ మీటింగులకు సగం ఖర్చు రాసే బాపతు మనకు తెలుసు. అలాగని వాటిని మూసేస్తే దొంగతనం పోతుందా? కాంట్రాక్టరు తినడా? దొంగను పట్టాలంటే ఇంటికి తాళం వేస్తే చాలదు, ఇంట్లోవాళ్ళు మేలుకుని ఉండాలి. లెక్క బహిరంగం చేయాలి.

సంఘం డిమాండ్లు

ఒకటి. అప్పుగానో గ్రాంటుగానో బయటి డబ్బు వచ్చే ప్రతి పథకం కాగితాలు తెలుగులో గ్రామసభ ముందు పెట్టాలి. ఎంత అప్పు, ఎంత గ్రాంటు, వడ్డీ ఎంత, షరతులేమిటి, సలహాదారులకు ఎంత, ఊరికి ఎంత, ఇవి విడివిడిగా చెప్పాలి. ఉపాధి హామీలో సామాజిక తనిఖీని దేశానికి చూపించింది మన రాష్ట్రమే. ఆ తనిఖీ చెరువుల అప్పులకూ, వ్యవసాయ పథకాలకూ ఎందుకు పెట్టరు?

రెండు. రైతు కరెంటు, నీళ్ళు, విత్తనం, భూమికి సంబంధించిన ఏ షరతునూ అసెంబ్లీలో చర్చ లేకుండా ఒప్పుకోకూడదు.

మూడు. భూగర్భ జలాల లెక్క మళ్ళీ ప్రతి ఊళ్ళో మొదలుపెట్టాలి. ఈసారి మన రాష్ట్ర ప్రభుత్వ డబ్బుతోనే. వాన కొలిచే పాత్రకూ, మట్టం చూసే పరికరానికీ హాలెండు దాకా పోనక్కర్లేదు. కొలిచే రైతుకు గౌరవ వేతనం ఇవ్వాలి.

నాలుగు. వెలిగొండ ముంపు ఊళ్ళకు ముందు పూర్తి పరిహారం, ఆ తర్వాత నీళ్ళు. ఒకరి కన్నీళ్ళతో ఇంకొకరి చేను తడపాలని మేము కోరడం లేదు. ఆ వంకతో ఇంకో పదేళ్ళు సాగదీస్తే కూడా ఊరుకోం.

అయిదు. వెలిగొండ నీళ్ళు వచ్చేలోగా ఫ్లోరైడు ఊళ్ళన్నిటికీ ఏడాది పొడుగునా మంచినీళ్ళు అందాలి. ఎండాకాలం ట్యాంకరు బిల్లులు పరిష్కారం కావు.

మన పని మనం చేద్దాం

డిమాండ్లు రాసి ప్రభుత్వానికి పంపి ఇంట్లో కూర్చుంటే ఏమీ జరగదు. 2005 నుంచి సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెడితే చాలు. ప్రతి మండల కమిటీ తన మండలంలో ఈ ఇరవై అయిదేళ్ళలో బయటి డబ్బుతో జరిగిన పనులు ఏవి, చెరువులు ఏవి, చెక్‌డ్యాములు ఏవి, వాటిలో ఇప్పుడు నీళ్ళు నిలిచేవి ఎన్ని, పూడిపోయినవి ఎన్ని అని జాబితా రాయాలి. ఊళ్ళోకి పోయి కట్ట మీద నిలబడి చూసి రాయాలి. ఆ జాబితా వచ్చే నెలల్లో ఈ పత్రికలోనే అచ్చు వేద్దాం. మంచి పని జరిగినచోట మంచి అని, మింగినచోట మింగారని పేజీ మీద పెడదాం.

బడిలో చదివే మన పిల్లలకు ఒక వాన కొలిచే పాత్ర చేయించి ఇవ్వండి. పడిన వాన రోజూ రాయమనండి. అంకెలు ఊళ్ళో ఉంటే ఆఫీసు నుంచి వచ్చే అంకెలకు ఎదురు నిలవచ్చు. అంకెలు లేనివాడి గోడు గాలికి పోతుంది.

ట్రంప్ ఇచ్చినా ఆపినా, ఢిల్లీ ఇచ్చినా ఆపినా, మన పొలానికి వచ్చే ప్రతి రూపాయి మన పేరు చెప్పి తెచ్చిందే. అప్పయితే తీర్చేది మనం. గ్రాంటయితే మన పేదరికం చూపించి తెచ్చింది. రెండు విధాలా ఆ లెక్క అడిగే హక్కు మనదే. అడగడం మొదలుపెడదాం.